ఫోన్ నిండిపోతే కొత్త ఫోనే కొనాలా? మెమరీ కార్డు గురించి నాలుగు మాటలు
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో డిజిటల్ శిక్షణ బాధ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



అధ్యక్షురాలు గారు నాకు అరగంట టైమిచ్చారు. భోజనాల వేళ కాబట్టి అంతకంటే ఎక్కువ తీసుకోను. ఈ సంవత్సరం శిక్షణల కోసం ఊళ్లు తిరిగినప్పుడు లోన్ల తర్వాత నన్ను ఎక్కువమంది అడిగింది ఒకటే ప్రశ్న. "అమ్మాయ్, ఫోన్ నిండిపోయిందంటోంది, ఏం చేయాలి?" అని. కొందరు ఇంకో మాట కూడా కలిపారు. "సంఘంలో అప్పు తీసుకుని కొత్తది కొనేస్తాను" అని. ఈ రెండో మాట కోసమే ఈ రోజు ఇక్కడ నిలబడ్డాను.

ముందు లెక్క చూద్దాం. లెక్కలు మనకు కొత్త కాదు కదా. 12,000 రూపాయల ఫోన్ కోసం రూపాయి వడ్డీకి అంతర్గత అప్పు తీసుకున్నారనుకోండి. నెలకు 1,000 అసలు కడుతూ పోతే మొదటి నెల వడ్డీ 120, రెండో నెల 110, అలా తగ్గుతూ చివరి నెలకు 10 అవుతుంది. అన్నీ కూడితే 780 రూపాయలు. అది వడ్డీ మాత్రమే. అసలు 12,000 వేరే ఉంది. మెమరీ కార్డు ధర సైజును బట్టి కొన్ని వందలుంటుంది. మీ ఫోన్ బాగానే పనిచేస్తూ, చోటు ఒక్కటే చాలకపోతే, ఆ వడ్డీ డబ్బు దగ్గర్లోనే మీ పని అయిపోవచ్చు. మిగిలిన సొమ్ము గేదెకో, కుట్టు మిషనుకో, పిల్లల ఫీజుకో పెట్టుకోవచ్చు.

అలాగని కార్డు వేస్తే అన్నీ బాగైపోతాయని నేను చెప్పను. ఏది బాగవుతుందో, ఏది కాదో తెలుసుకుని కొనాలి.

నిండేది ఏమిటి?

ఫోన్ లోపల రెండు రకాల చోటు ఉంటుంది. డబ్బా మీద 4 జీబీ, 64 జీబీ అని రెండు అంకెలు రాసుంటాయి చూశారా? చిన్న అంకె ర్యామ్, పెద్దది స్టోరేజ్. వంటింట్లో చెప్పుకుంటే ర్యామ్ అంటే పొయ్యి గట్టు. కూర తరిగేటప్పుడు, తాలింపు వేసేటప్పుడు చేతి కిందికి కావలసిన చోటు. స్టోరేజ్ అంటే బియ్యం, పప్పులు దాచుకునే అరలు. అరలు చాలకపోతే పక్కన ఇంకో అలమర పెట్టుకోవచ్చు. ఆ అలమరే మెమరీ కార్డు. పక్క గదిలో అలమర పెట్టినంత మాత్రాన పొయ్యి గట్టు పెద్దదవదు కదా. అందుకని ఫోన్ నత్తలా నడుస్తోందని కార్డు కొంటే ఆ నడక మారకపోవచ్చు. "స్టోరేజ్ ఫుల్" అని చూపిస్తుంటేనే కార్డు మాట ఆలోచించండి.

అరలు ఎందుకు నిండుతాయంటే, ఈ రోజుల్లో ఒక ఫోటో సుమారు 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. ఒక నిమిషం వీడియో మంచి నాణ్యతతో తీస్తే నూరు ఎంబీ దాటుతుంది. వెయ్యి ఎంబీలయితే దాదాపు ఒక జీబీ. అంటే పెళ్లిలో పది నిమిషాలు వీడియో తీస్తే ఒక జీబీ అయిపోయినట్టే. దానికి తోడు వాట్సాప్‌లో పొద్దున వచ్చే పూల ఫోటోలు, పండగ శుభాకాంక్షలు, ఒకే వీడియో ఐదు గ్రూపుల్లో ఐదు సార్లు. అవన్నీ మనం చూసినా చూడకపోయినా ఫోన్లోకి దిగి కూర్చుంటాయి.

ఫోన్ మరీ నిండిపోతే ఏమవుతుంది? బ్యాంకు యాప్, డబ్బులు పంపే యాప్ అప్‌డేట్ కావు. అప్‌డేట్ కాకపోతే కొన్నాళ్లకు తెరుచుకోవు. వాట్సాప్‌లో సమాఖ్య పంపిన కాగితం దిగదు. కొన్ని ఫోన్లలో ఎస్సెమ్మెస్‌లు కూడా లోపలికి రావు. ఎస్సెమ్మెస్ రాకపోతే ఓటీపీ రాదు. ఓటీపీ రాకపోతే బ్యాంకు పని ఆగిపోతుంది. కాబట్టి ఇది పాటలు, ఫోటోల గొడవ అని తేలిగ్గా తీసుకోకండి.

కొనేముందు ఊడ్చుకోండి

కొత్త అలమర తెచ్చేముందు పాత అరలు ఒకసారి దులుపుకుంటాం కదా. వాట్సాప్ తెరిచి సెట్టింగ్స్‌లోకి వెళ్తే "స్టోరేజ్ అండ్ డేటా" అని ఉంటుంది. దానిలో "మేనేజ్ స్టోరేజ్" నొక్కండి. ఏ గ్రూపు ఎంత చోటు తింటోందో పెద్ద నుంచి చిన్న దాకా వరుసగా చూపిస్తుంది. పనికిరానివి తీసేయండి. అక్కడే "మీడియా ఆటో డౌన్‌లోడ్" కింద వీడియోలకు ఉన్న టిక్కులు తీసేస్తే, ఇక మీదట మీరు నొక్కిన వీడియోలే దిగుతాయి.

గ్యాలరీలో తీసేసినవి వెంటనే పోవు, చెత్తబుట్టలో కొన్నాళ్లు ఉంటాయి. ఆ బుట్ట కూడా ఖాళీ చేస్తేనే చోటు వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గూగుల్ ఫోటోస్ యాప్ వాడుతూ, ఫోటోలు ఆన్‌లైన్‌లోకి ఎక్కించుకునేవాళ్లు ఆ యాప్‌లో "డిలీట్" కొడితే ఫోన్లోదీ, ఆన్‌లైన్‌లోదీ రెండూ పోతాయి. ఫోన్లో మాత్రమే చోటు కావాలంటే అందులోనే "ఫ్రీ అప్ స్పేస్" అని ఉంటుంది, అది నొక్కాలి. ఆన్‌లైన్‌కి ఎక్కినవాటినే అది ఫోన్లోంచి తీస్తుంది.

ఇంత చేసినా చోటు చాలకపోతే అప్పుడు కార్డు.

మీ ఫోన్లో కార్డు పడుతుందా?

ఇది కొట్టుకు వెళ్లకముందే చూసుకోవలసిన సంగతి. ఈ మధ్య వస్తున్న చాలా ఫోన్లలో కార్డు పెట్టే చోటే ఉండటం లేదు. ఐఫోన్లలో మొదటి నుంచీ లేదు. సిమ్ పెట్టే చిన్న తొట్టెను బయటికి తీసి చూడండి. మూడు గుంటలుంటే రెండు సిమ్‌లకు, ఒకటి కార్డుకు. రెండే ఉండి, రెండో గుంట సిమ్‌కైనా కార్డుకైనా అన్నట్టు ఉంటే, కార్డు పెట్టాలంటే ఒక సిమ్ తీసేయాలి. బ్యాంకుకు ఇచ్చిన నంబరు, ఆధార్‌కు కట్టిన నంబరు ఏ సిమ్‌లో ఉందో చూసుకోకుండా ఆ పని చేయకండి. ఆ సిమ్ తీసేస్తే ఓటీపీ రాదు.

తొట్టె తీసే పిన్నును సరైన రంధ్రంలోనే పెట్టాలి. ఫోన్ అంచున ఇంకో చిన్న రంధ్రం ఉంటుంది, అది మైకు. దానిలో పొడిస్తే మన మాట అవతలివాళ్లకు వినపడకుండా పోతుంది. తొట్టె గీత పక్కనే ఉన్న రంధ్రమే మనకు కావలసింది.

చోటు లేని ఫోన్ అయితే దిగులు పడకండి. చార్జింగ్ పెట్టే చోట గుచ్చే పెన్ డ్రైవ్‌లు దొరుకుతాయి, చాలా ఫోన్లకు పనిచేస్తాయి. ఫోటోలు దానిలోకి వేసి, పెన్ డ్రైవ్ బీరువాలో పెట్టుకోవచ్చు.

ఎలాంటి కార్డు తీసుకోవాలి?

ఫోన్లో వేసే కార్డును మైక్రో ఎస్డీ అంటారు. 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే మన చిటికెన వేలి గోరంత. 2005 నుంచి ఈ పేరుతో వాడుకలో ఉంది. అంత చిన్న ముక్కలో 32 జీబీ కార్డయితే సుమారు ఏడు వేల ఫోటోలు పడతాయి.

కొట్లో అడగవలసినవి మూడు.

ఒకటి, సైజు. మీ ఫోన్ ఎంత వరకు తీసుకుంటుందో డబ్బా మీదో, ఫోన్‌తో వచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. పాత ఫోన్లు కొన్ని 32 జీబీ దాకానే చదువుతాయి. 32 దాటిన కార్డుల తరగతి వేరు. వాటి మీద ఎస్డీఎక్స్‌సీ అని ఉంటుంది, 32 లోపు వాటి మీద ఎస్డీహెచ్‌సీ అని ఉంటుంది. సంఘం పనులకు, ఇంటి ఫోటోలకు 32 గానీ 64 గానీ సరిపోతుంది. అంతకంటే పెద్దదాని మీద డబ్బు పోయకండి.

రెండు, వేగం. కార్డు మీద ఒక గుండ్రటి గీతలో 10 అని ఉంటే అది క్లాస్ 10. సెకనుకు కనీసం 10 ఎంబీ రాసుకుంటుందని అర్థం. వీడియో ఆగకుండా తీయడానికి ఇది కావాలి. పక్కనే ఏ1 అని కూడా ఉంటే ఫోన్లో వాడటానికి ఇంకా మంచిది.

మూడు, బిల్లు. బిల్లు లేకుండా కార్డు కొనవద్దు. మార్కెట్లో దొంగ కార్డులున్నాయి. పైన 512 అనో, 1000 జీబీ అనో రాసి రెండు మూడు వందలకే ఇస్తారు. లోపల ఉండేది నాలుగో ఎనిమిదో జీబీలు. ఫోన్లో పెడితే పెద్ద అంకే చూపిస్తుంది, అలా చూపించేలా దాన్ని మార్చి ఉంచుతారు. నిజంగా ఉన్న చోటు నిండేదాకా ఫోటోలు బాగానే పడతాయి. ఆ తర్వాత తీసిన ఫోటోల పేర్లు కనిపిస్తాయి గానీ తెరుచుకోవు. మనం తెలుసుకునేసరికి పెళ్లి అయిపోయి ఉంటుంది, అమ్మినవాడు ఊరు దాటి ఉంటాడు. అందుకే కొత్త కార్డు కొన్న మొదటి వారంలోనే పెద్ద వీడియోలు కాపీ చేసి కార్డు దాదాపు నిండేదాకా నింపండి. తర్వాత మొదట వేసింది, చివర వేసింది, మధ్యలోవి తెరిచి చూడండి. అన్నీ తెరుచుకుంటే వాటిని తీసేసి నిశ్చింతగా వాడుకోండి. తెరుచుకోకపోతే బిల్లు చేతిలో ఉంది కదా, తిరిగి ఇచ్చేయండి.

64 జీబీ కార్డు కొంటే కొన్ని ఫోన్లలో 59 అనే చూపిస్తుంది. అది మోసం కాదు. కార్డు చేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, కొన్ని పరికరాలు 1024 చొప్పున లెక్కిస్తాయి. మానికకూ శేరుకూ కొలత తేడా వచ్చినట్టే ఇదీ. దీనికోసం కొట్టువాడితో గొడవ పెట్టుకోకండి.

పెట్టగానే ఫోన్ ఏమడుగుతుంది?

ఫోన్ ఆపేసి, కార్డు పెట్టి, మళ్లీ వెలిగించండి. కొన్ని ఫోన్లు ఒక ప్రశ్న అడుగుతాయి. "పోర్టబుల్ స్టోరేజ్‌గా వాడతారా, ఇంటర్నల్ స్టోరేజ్‌గా వాడతారా?" అని. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఈ సదుపాయం ఉంది. అన్ని ఫోన్ల కంపెనీలూ దీన్ని ఇవ్వవు.

పోర్టబుల్ అంటే కార్డు విడిగా ఉంటుంది. తీసి ఇంకో ఫోన్లో పెట్టినా, కంప్యూటర్లో పెట్టినా ఫోటోలు కనిపిస్తాయి. ఇంటర్నల్ అంటే కార్డును ఫోన్ తనలో కలిపేసుకుంటుంది. యాప్‌లు కూడా దానిలోకి వెళ్తాయి, చోటు బాగా పెరిగినట్టుంటుంది. కానీ ఆ కార్డుకు ఫోన్ తాళం వేసేస్తుంది. ఆ తాళం ఆ ఫోన్ దగ్గరే ఉంటుంది. రేపు ఫోన్ నీళ్లలో పడి పాడైతే, కార్డు బాగానే ఉన్నా దానిలోవి ఇంకెక్కడా తెరుచుకోవు. మధ్యలో కార్డు తీసేస్తే యాప్‌లు పనిచేయవు.

మనలాంటివాళ్లకు నా సలహా పోర్టబుల్. ఫోన్ పోయినా, పగిలినా కార్డులోని ఫోటోలు చేతికొచ్చే అవకాశం ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన మాట. "ఫార్మాట్" అన్న మాట తెర మీద కనిపిస్తే చేతులు వెనక్కి తీసుకోండి. ఫార్మాట్ అంటే కార్డు మొత్తం తుడిచేయడం. కొత్త కార్డయితే పరవాలేదు. పాత బటన్ల ఫోన్లోంచి తీసిన కార్డయితే అందులో ఏమేమున్నాయో ముందు చూసి, కావలసినవి వేరే చోటికి ఎక్కించుకున్నాకే సరే అనండి.

దేన్ని కార్డులోకి పంపాలి, దేన్ని పంపకూడదు?

కెమెరా తెరిచి దాని సెట్టింగ్స్‌లో "స్టోరేజ్ లొకేషన్" దగ్గర "ఎస్డీ కార్డ్" అని పెట్టండి. అప్పటి నుంచి తీసే ఫోటోలన్నీ కార్డులో పడతాయి. పాతవి వాటంతట అవి వెళ్లవు, మనమే పంపాలి. "ఫైల్స్" అన్న యాప్‌లో ఫోటోల మీద వేలు నొక్కిపెట్టి ఎంచుకుంటే "కాపీ", "మూవ్" అని రెండు వస్తాయి. కాపీ అంటే అక్కడా ఇక్కడా రెండు చోట్లా ఉంటుంది. మూవ్ అంటే ఇక్కడ తీసి అక్కడ పెడుతుంది. విలువైనవాటికి ముందు కాపీ చేయండి. కార్డులో తెరిచి చూసుకోండి. ఆ తర్వాతే ఫోన్లోవి తీసేయండి. కాపీ చేసి ఊరుకుంటే ఫోన్లో చోటు రాదు, అది గుర్తుంచుకోండి.

వాట్సాప్ సంగతి అందరూ అడుగుతారు. వాట్సాప్ తన సామాను ఫోన్ లోపలే పెట్టుకుంటుంది, కార్డులోకి మార్చే సెట్టింగ్ అందులో లేదు. అందులోని ఫోటోలను, వీడియోలను మనం ఫైల్స్ యాప్‌తో కార్డులోకి పంపుకోవచ్చు. పంపాక ఆ ఫోటో గ్రూపులో నొక్కితే తెరుచుకోదు, కార్డులో వెతికి చూసుకోవాలి. "డేటాబేసెస్" అన్న ఫోల్డర్‌ను మాత్రం ముట్టుకోకండి. మన మాటల బ్యాకప్ అంతా దాంట్లో ఉంటుంది.

బ్యాంకు యాప్‌లు, డబ్బులు పంపే యాప్‌లు, సంఘం లెక్కల యాప్‌లు ఫోన్ లోపలే ఉండనివ్వండి. ఫోటోలూ వీడియోలూ కార్డులోకి వెళ్తే, వీటికి కావలసిన చోటు లోపల దానంతటదే మిగులుతుంది.

పోయిన గొంతు తిరిగి రాదు

ఈ సంవత్సరం మన పక్క ఊరి సంఘం అక్క ఒకామె ఫోన్ నిండిపోయి ఆగిపోతుంటే, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లింది. వాళ్లు మొత్తం రీసెట్ కొట్టారు. ఫోన్ బాగైంది. పద్దెనిమిది నెలల కంతుల రసీదుల ఫోటోలు పోయాయి. రసీదులైతే సంఘం పుస్తకాల్లోంచి, బ్యాంకు స్టేట్‌మెంట్లోంచి మళ్లీ రాబట్టుకున్నాం. కానీ ఆ ఫోన్లో చనిపోయిన వాళ్ల అమ్మ మాట్లాడిన రికార్డింగ్ ఒకటుంది. మనవరాలికి చందమామ కథ చెప్తున్న గొంతు. దాన్ని ఏ స్టేట్‌మెంటూ తెచ్చివ్వలేదు. ఆమె నన్ను ఒకటే అడిగింది. "ముందే ఎక్కడైనా దాచుకుని ఉండొచ్చా?" అని. దాచుకోవచ్చు అక్కా. అందుకే ఇంతమందిలో చెప్తున్నాను.

రీసెట్ అన్న మాట ఎవరన్నా సరే, "ముందు నా ఫోటోలు, రికార్డింగులు కార్డులోకి తీసివ్వు, తర్వాత చెయ్యి" అని అనండి. మొహమాట పడకండి. ఫోన్ మనది, డబ్బు మనది.

ఇంకా చెప్పాలంటే కార్డు ఒక్కటే ఉంటే కూడా చాలదు. కార్డు కూడా పాడవుతుంది. లోపల చిన్న చిన్న గదుల్లో విద్యుత్తు నిలవ పెట్టి అది గుర్తుంచుకుంటుంది. రాసి చెరిపి, రాసి చెరిపి కొన్నాళ్లకు ఆ గదులు అరుగుతాయి. కాబట్టి పోగొట్టుకోకూడనిది ఏదైనా రెండు చోట్ల ఉండాలి. ఒకటి కార్డులో, రెండోది కూతురి ఫోన్లోనో, పెన్ డ్రైవ్‌లోనో, ఆన్‌లైన్‌లోనో. గూగుల్ ఖాతా ఉన్నవాళ్లకు మెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడింటికీ కలిపి 15 జీబీ ఉచితంగా వస్తుంది. ముఖ్యమైన కాగితాలకు అది చాలు.

తాళం లేని పెట్టె

ఇప్పుడు చెప్పేది బాగా వినండి. ఫోన్‌కు మనం తాళం వేస్తాం. వేలిముద్రో, నాలుగంకెలో పెడతాం. పోర్టబుల్‌గా వాడే కార్డుకు మామూలుగా ఆ తాళం ఉండదు. ఎవరైనా కార్డు తీసి తమ ఫోన్లో పెట్టుకుంటే అందులోవన్నీ కనిపిస్తాయి. మీ ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ, సంఘంలో పది మంది సభ్యుల కాగితాలు, పిల్లల ఫోటోలు, అన్నీ.

అందుకని నాలుగు కట్టుబాట్లు పెట్టుకుందాం. ఏటీఎం పిన్నులు, యూపీఐ పిన్నులు ఫోటో తీసి దాచుకోవద్దు, కార్డులోనూ ఫోన్లోనూ. ఆధార్ లాంటివి డిజీలాకర్‌లో ఉంచుకోవచ్చు, అక్కడ తాళం ఉంటుంది. ఫోన్ బాగు చేయించడానికి ఇచ్చేటప్పుడు సిమ్‌తో పాటు కార్డు కూడా తీసి కొంగున ముడేసుకోండి. పాత ఫోన్ అమ్మేటప్పుడు, మార్పిడికి ఇచ్చేటప్పుడు కార్డు తీయడం మర్చిపోవద్దు.

పాటలు, సినిమాలు ఎక్కించమని కార్డును ఊరూపేరూ లేనివాళ్ల కంప్యూటర్‌కు ఇవ్వకండి. అక్కడి నుంచి చెడ్డ ఫైళ్లు రావచ్చు. కార్డులో గానీ వాట్సాప్‌లో గానీ పేరు చివర ఏపీకే అని ఉన్న ఫైలు కనిపిస్తే నొక్కకండి. పథకం పేరున్నా, చలానా పేరున్నా సరే. దాన్ని ఎక్కించుకుంటే మన మెసేజీలు, ఓటీపీలు అవతలివాళ్లకు కనిపించే ప్రమాదం ఉంది. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల సహాయ నంబరు.

కార్డు మొరాయిస్తే

ఒక్కోసారి బాగా పనిచేస్తున్న కార్డు హఠాత్తుగా "కార్డు పాడైంది, ఫార్మాట్ చేయాలి" అంటుంది. కంగారులో సరే అనొద్దు. కార్డులో ఏ ఫోటో ఎక్కడుందో రాసిన ఒక పట్టిక ఉంటుంది, మన లెడ్జర్‌లో మొదటి పేజీ విషయసూచిక లాగా. చాలాసార్లు చిరిగేది ఆ పేజీయే, లోపలి పేజీలు అలాగే ఉంటాయి. కార్డు తీసేసి, దానిలో కొత్తగా ఏమీ రాయకుండా, కార్డు రీడర్‌తో కంప్యూటర్లో పెట్టి చూడండి. చాలా ఫోటోలు తిరిగి తీసే ప్రోగ్రాములున్నాయి. అన్నీ వస్తాయని చెప్పలేం. కానీ ఫార్మాట్ కొట్టి, పైన కొత్త ఫోటోలు తీస్తే మాత్రం వచ్చేవి కూడా రావు.

ఆ పేజీ చిరగకుండా ఉండాలంటే, ఫోన్ వెలుగుతుండగా కార్డు లాగకండి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌లోకి వెళ్లి "ఎజెక్ట్" గానీ "అన్‌మౌంట్" గానీ నొక్కి అప్పుడు తీయండి. లేదంటే ఫోన్ ఆపేసి తీయండి. కార్డు మీద బంగారు రంగు గీతలను చేత్తో తాకకండి. పసిపిల్లలకు అందకుండా పెట్టండి, నోట్లో పెట్టుకునే సైజది.

సంఘాలకు నా విన్నపం

సంఘం పని వైపు నుంచి ఒక మాట చెప్పి ముగిస్తాను. ప్రతి నెలా తీర్మానాల పుస్తకం పేజీ, పొదుపు పుస్తకం పేజీ, బ్యాంకు పాస్‌బుక్ పేజీ ఫోటో తీస్తున్నాం. ఆ ఫోటోలు ఎవరి ఫోన్లోనో పూల ఫోటోల మధ్య కలిసిపోతున్నాయి. ఆడిట్ రోజున వెతుకులాట. ఇలా చేద్దాం. సంఘం లీడర్ ఫోన్ కార్డులో సంఘం పేరుతో ఒక ఫోల్డర్, దానిలో ఏడాదికొకటి, నెలకొకటి. నెల మీటింగ్ అయిపోయిన రోజునే ఫోటోలు అక్కడ వేయాలి. రెండో లీడర్ ఫోన్లోకి అవే ఒక కాపీ. లీడర్ మారినప్పుడు పుస్తకాలు, ముద్ర అప్పగించినట్టే ఈ ఫోటోలు కూడా అప్పగించి, తీర్మానంలో రాసుకోవాలి. పాత లీడర్ తన దగ్గరున్న సభ్యుల ఆధార్ ఫోటోలు అప్పుడు తీసేయాలి.

ఫోటో ఉంది కదా అని పుస్తకం రాయడం మానొద్దు. అసలు పుస్తకమే. సంతకాలు, వేలిముద్రలు ఉండేది దానిమీదే. ఫోటో దానికి తోడు.

వచ్చే నెల సంఘం మీటింగ్‌లో పొదుపు కట్టాక ఓ పావుగంట దీనికివ్వండి. ఒకరి ఫోన్ ఒకరు చూడండి. చదువుకున్న కోడళ్లు, ఇంటర్ చదివే ఆడపిల్లలు ఉంటే పిలవండి, వాళ్లు పెద్దవాళ్లకు చూపిస్తారు. ఎవరి ఫోన్లో కార్డు పడుతుంది, ఎవరిదాంట్లో పడదు, ఎవరికి ఊడిస్తే చాలు అని రాసుకోండి. ఇద్దరు ముగ్గురికి కార్డులు కావాలంటే కలిసి మండలానికి వెళ్లి, ఒకే కొట్లో బేరం చేసి, బిల్లుతో కొనండి. కొత్త ఫోన్ కోసం అప్పు అడిగిన సభ్యురాలు ఉంటే, తీర్మానం రాయకముందు ఆమె ఫోన్ ఒకసారి చేతికి తీసుకుని చూడండి. నిజంగా పాడైపోతే అప్పు ఇవ్వండి, తప్పేం లేదు. చోటు చాలక మాత్రమే అయితే, ఆమెకు పన్నెండు వేల అప్పు తప్పించినవాళ్లవుతారు.

పెద్దమ్మలు కొందరు "ఈ వయసులో మాకెందుకమ్మా ఇవన్నీ" అంటారు. పెద్దమ్మా, సంతకం నేర్చుకున్నప్పుడు కూడా మీరు అదే అన్నారు. తర్వాత బ్యాంకు మేనేజర్ ముందు కూర్చుని లోను పత్రం మీద మీరే సంతకం పెట్టారు. ఇది దానికంటే కష్టమేమీ కాదు.

 ఫోన్లు తెచ్చుకున్నవాళ్లు భోజనాలయ్యాక రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరికి రండి, కార్డు పడుతుందో లేదో అక్కడే చూసి చెప్తాం. పిన్నులు మా దగ్గరున్నాయి. సెలవు.